బంట్లు ఏలిన బీదర్

‘డౌన్టన్ ఆబీ’ చూసినవాళ్ళు ఇద్దరు ఒకచోట చేరితే మాటలు దొరసానుల గౌన్ల దగ్గర మొదలవుతాయి, కాసేపటికి వంటింట్లోకి దిగుతాయి. 2010 సెప్టెంబరులో బ్రిటన్‌లోని ఐటీవీలో మొదలై 2015 క్రిస్మస్ రోజున ముగిసిన ఆ సీరియల్ ఒక ప్రభువు కుటుంబం గురించి ఎంత చెప్పిందో, ఆ కుటుంబానికి వండి, వడ్డించి, బట్టలు తొడిగిన పనివాళ్ళ గురించీ అంత చెప్పింది. అందుకే అభిమానుల వాదనలు ఇంకా తెగలేదు. కారు డ్రైవరుగా వచ్చిన బ్రాన్సన్ దొరగారి చిన్నకూతుర్ని పెళ్ళాడాక భోజనాల బల్ల దగ్గర ఎవరి పక్కన కూర్చోవాలి? బట్లర్ కార్సన్ ఆ ఇంటిని అంతగా అంటిపెట్టుకుని ఉండటం విశ్వాసమా, వేరే బతుకు ఎరగకపోవడమా? వంటావిడ మేనల్లుణ్ణి మొదటి ప్రపంచయుద్ధంలో పిరికితనం నేరం కింద సొంత సైన్యమే కాల్చేసింది. ఊరి అమరవీరుల శిల మీద అతని పేరు చెక్కడం కుదరదన్నారు. చివరికి దొర విడిగా ఒక పలక పెట్టించాడు. ఒక పనిమనిషి ఇంటివాడి పేరు రాయి మీదికి ఎక్కడం ఎంత కష్టమో ఆ ఒక్క ఘట్టం చెబుతుంది.

ఈ వాదన తెలుగువాళ్ళకి పరాయిది కాదు. గడీలు చూసిన నేల మనది. బి. నర్సింగరావు 1988లో తీసిన ‘దాసి’ సినిమా 1920ల నాటి తెలంగాణ గడీలో ఒక దాసి బతుకుని చూపించింది. ఉత్తమ నటి అవార్డు అర్చనకి రాగా, మొత్తం అయిదు జాతీయ అవార్డులు ఆ సినిమాకి వచ్చాయి. అందులో దొర కంటే దొర పిలుపే ఎక్కువ భయపెడుతుంది. గడీ తలుపులూ నీడలూ దాసి కళ్ళతోనే మనకి కనిపిస్తాయి. ఆ సినిమా గుర్తున్నవాళ్ళకి నేను చెప్పదలచింది ఒక్కటే. దొరలూ బంట్లూ కలిసి ఉన్న కథల్లో మన చుట్టుపక్కల అన్నిటికంటే పెద్దది, రాతిలో కట్టి ఉన్నది బీదర్. అక్కడ బంటు కథ కింది అంతస్తులో ఆగిపోలేదు, సింహాసనం దాకా వెళ్ళింది. అయినా మనం బీదర్ వెళ్ళి సుల్తానుల పేర్లు మాత్రమే విని వస్తున్నాం.

హైదరాబాదు నుంచి జహీరాబాదు మీదుగా బీదర్ దాదాపు 140 కిలోమీటర్లు. దారిలో నేల ఎర్రబడుతుంది. ఎర్రరాతి పీఠభూమి అంచున ఊరు నిలబడి ఉంటుంది. 1956 నవంబరు 1 దాకా ఇది మనతోపాటే హైదరాబాదు రాష్ట్రంలో జిల్లా. ఆ రోజు జిల్లా మూడు ముక్కలైంది. జహీరాబాదు, నారాయణఖేడ్ తాలూకాల్లో చాలా భాగం మెదక్ జిల్లాకి వచ్చింది. ఉద్గీర్, నీలంగా, అహ్మద్‌పూర్ బొంబాయి రాష్ట్రానికి పోయాయి. మిగిలినది మైసూరుకి దక్కి, ఇవాళ కర్ణాటక పటంలో నెత్తిన కూర్చుంది. ఊళ్ళో నాలుగు అడుగులు వేస్తే కన్నడం, దక్కనీ, మరాఠీ, తెలుగు అన్నీ చెవిన పడతాయి. జహీరాబాదు పక్క పల్లెల్లో పిల్లనిచ్చి పుచ్చుకునే ఇళ్ళు ఇప్పటికీ ఈ రెండు వైపులా ఉన్నాయి.

పదిహేనో శతాబ్దిలో బహమనీ సుల్తాను అహ్మద్ షా గుల్బర్గా నుంచి రాజధానిని ఇక్కడికి మార్చాడు. ఆ రాజధాని ఎలా ఉండేదో చూసి రాసినవాడు ఒక రష్యన్. 1470 ప్రాంతంలో ట్వేర్ పట్నపు వర్తకుడు అఫనాసీ నికితిన్ ఒక గుర్రాన్ని అమ్ముకుందామని ఇంత దూరం వచ్చాడు. రాజులు చెప్పి రాయించుకున్న చరిత్ర కాదు అతనిది, అంగడిలో నిలబడ్డ మనిషి చూపు. ప్రభువులు వెండి పల్లకీల్లో పడుకుని ఊరేగడం, ముందు బంగారు జీనుల గుర్రాలు, వెనక వందల మంది రౌతులూ కాల్బలమూ, బూరలు ఊదేవాళ్ళూ, దివిటీలు పట్టేవాళ్ళూ నడవడం చూశాడు. అదే చోట పల్లెల్లోని జనం దిక్కులేని పేదరికంలో ఉన్నారనీ రాశాడు. బీదర్ బజారులో గుర్రాలతో, పట్టుబట్టలతోపాటు నల్లజాతి మనుషుల్ని కూడా అమ్ముతున్నారని నమోదు చేశాడు. ఒక్క ప్రభువు ఊరేగడానికి ఇంతమంది కావాల్సి వచ్చిందంటే ఆ పల్లకీ ఎవరి భుజాల మీద ఉందో మొదట చూసింది అతనే అనిపిస్తుంది నాకు.

నికితిన్ మీద 1957లో సోవియట్ యూనియన్, మనదేశం కలిసి సినిమా తీశాయి. హిందీలో దాని పేరు ‘పరదేశి’. ఖ్వాజా అహ్మద్ అబ్బాస్, వసీలీ ప్రోనిన్ దర్శకులు. నికితిన్‌గా ఒలేగ్ స్త్రిజెనోవ్ వేశాడు, నర్గీస్, బల్‌రాజ్ సాహ్నీ, పద్మిని నటించారు. బీదర్ మంత్రి మహమూద్ గవాన్ పాత్ర పృథ్వీరాజ్ కపూర్‌ది. బీదర్ కథ తెరకెక్కడం అంటే అదొక్కటే చెప్పుకోదగ్గది, అదీ పరదేశి కళ్ళతో.

ముద్ర ఎవరి చేతిలో ఉంది

మహమూద్ గవాన్ ఇరాన్‌లోని గీలాన్ నుంచి వర్తకుడిగా వచ్చి, కొలువులో చేరి, ఒకరి తర్వాత ఒకరుగా సుల్తానుల దగ్గర పనిచేసి, రాజ్యాన్ని చేతిలో పెట్టుకున్నవాడు. 1472లో ఆయన కట్టించిన మదరసా ఊరి నడుమ ఇంకా ఉంది. మూడంతస్తులు, ముందు భాగం మీద పచ్చ, నీలం, తెలుపు పెంకుల నగిషీ. రెండు మీనారుల్లో ఒకటి మిగిలింది. పదిహేడో శతాబ్ది చివర, మొగలుల కాలంలో లోపల దాచిన మందుగుండు పేలి ఒక పక్క కూలిపోయింది. బీదర్ వెళ్ళిన ప్రతివాళ్ళూ దాని ముందు ఫొటో దిగుతారు.

ఆయన చావు కథ మాత్రం ఆంధ్రదేశంలో జరిగింది. అది చాలామందికి తెలియదు. రాష్ట్రాలని చిన్నవి చేసి, పెద్ద ప్రభువుల అధికారాలు కోసేసినందుకు కొలువులో పగ పెరిగింది. గవాన్ ముద్ర ఒక హబ్షీ (ఇథియోపియా వైపు నుంచి వచ్చిన) సేవకుడి దగ్గర ఉండేది. శత్రువులు వాణ్ణి మచ్చిక చేసుకుని, ఖాళీ కాగితం మీద ముద్ర వేయించుకున్నారు. తర్వాత దాని మీద ఒరిస్సా గజపతి పురుషోత్తముణ్ణి దండెత్తి రమ్మంటూ ఉత్తరం రాసి సుల్తానుకి చూపించారు. మూడో మహమ్మద్ షా అప్పుడు కాంచీపురం దోపిడి ముగించుకుని మన కొండపల్లిలో విడిది చేసి ఉన్నాడు. 1481 ఏప్రిల్ 5న గవాన్‌ని పిలిపించాడు. ముద్ర తనదేననీ, ఉత్తరం తనది కాదనీ ముసలి మంత్రి చెప్పాడు. సుల్తాను వినలేదు. జౌహర్ అనే హబ్షీ బానిసకి సైగ చేసి లోపలికి వెళ్ళిపోయాడు. డెబ్బై దాటిన మంత్రి తల అక్కడే తెగింది.

ఒక సేవకుడి చేతిలోని ముద్ర చంపింది, ఇంకో బానిస చేతిలోని కత్తి చంపింది. ఆ ఇద్దరికీ ఆ రోజు ‘కుదరదు’ అనే వీలు ఉందా? ముద్ర కాపలావాడు బహుమతికి లోబడ్డాడని చరిత్రకారుడు ఫిరిష్తా తప్పు పట్టాడు. పెద్ద ప్రభువులు చుట్టూ కూర్చుని తాగించి, ఒక్క ముద్ర వేయమని అడిగితే ఒక బానిస ఎంతవరకు నిలబడగలడు? ఇలాంటి ప్రశ్న వచ్చినప్పుడే ‘డౌన్టన్’ అభిమానులు రెండు జట్లుగా విడిపోతారు. నేను జట్టు కట్టాల్సివస్తే ముద్రవాణ్ణి క్షమించే వైపే ఉంటాను.

కథలో ఇంకో నౌకరు ఉన్నాడు. అతణ్ణి మర్చిపోకూడదు. మంత్రి మహా ధనం దాచి ఉంటాడని సుల్తాను గవాన్ కోశాధికారిని నిలదీశాడు. తన యజమాని రెండు ఖజానాలు ఉంచేవాడనీ, ఒకటి సైన్యం జీతాలకీ రాచపనికీ, రెండోది పేదలకీ అనీ, తన తిండికి మాత్రం సొంత వర్తకంలో మిగిలినదే వాడుకునేవాడనీ అతను చెప్పాడు. యజమాని తల తెగిన చోట, తెగనరికించిన రాజు ఎదుట నిలబడి లెక్క అప్పజెప్పాడు. సుల్తాను ఏడాది తిరక్కుండానే చనిపోయాడు. బహమనీ రాజ్యం ఆ తర్వాత నిలబడలేదు.

బానిస మనవడి రంగీన్ మహల్

దక్కనులో బానిసల సంగతి ఒక్క మాట చెప్పాలి, లేకపోతే తర్వాతి కథ అర్థం కాదు. చరిత్రకారుడు రిచర్డ్ ఈటన్ దీన్ని బాగా విడమరిచాడు. మధ్య ఆసియా నుంచీ ఆఫ్రికా కొమ్ము నుంచీ కొని తెచ్చిన కుర్రవాళ్ళకి ఇక్కడ తల్లీ తండ్రీ, ఊరూ బంధువులూ ఎవరూ ఉండరు. యజమాని తప్ప దిక్కు లేనివాడు యజమానికి ద్రోహం చేయడని ప్రభువుల నమ్మకం. అందుకే వాళ్ళకి గుర్రం, కత్తి, తర్వాత కోటలూ అప్పగించారు. యుద్ధాల్లో పట్టుబడ్డ మన పిల్లలూ ఈ దారిలో వెళ్ళారు. అహ్మద్‌నగర్ రాజ్యం నెలకొల్పినవాడి తండ్రి మాలిక్ హసన్, బేరారు రాజ్యం నెలకొల్పిన ఫతుల్లా ఇమాద్ ఉల్ ముల్క్ ఇద్దరూ విజయనగరం వైపు పట్టుబడ్డ హిందూ పిల్లలని ఫిరిష్తా చెబుతాడు. బిజాపూరు మూలపురుషుడు యూసుఫ్ ఆదిల్ ఖాన్ కూడా అమ్ముడై వచ్చినవాడే అంటాడు. అంటే బహమనీ రాజ్యం చీలి పుట్టిన అయిదింటిలో చాలావాటికి వేర్లు బానిసల వసారాల్లో ఉన్నాయి.

బీదర్‌లో నిలిచినవాడు కాసిం బరీద్. సుల్తాను కొన్న తుర్కు బానిస. కొత్వాలై, ప్రధానమంత్రి అయ్యాడు. 1504లో అతను చనిపోయేనాటికి సుల్తాను పేరుకే సుల్తాను. కొడుకు అమీర్ బరీద్ ఒకరి తర్వాత ఒకరిగా నలుగురు బహమనీ రాకుమారుల్ని గద్దె మీద బొమ్మల్లా కూర్చోబెట్టాడు. వారిలో ఒకడు ఖర్చులకి లేక పూర్వీకుల కిరీటం విరగ్గొట్టి, రాళ్ళు ఊడదీసి అమ్ముకున్నాడట. ఆఖరివాడు కలీముల్లా ఢిల్లీలో అప్పుడే గద్దెనెక్కిన బాబరుకి సాయం కోరుతూ ఉత్తరం పంపాడు. సంగతి బయటపడి బిజాపూరుకీ, అక్కడి నుంచి అహ్మద్‌నగర్‌కీ పారిపోయాడు. అహ్మద్‌నగర్ ప్రభువు బుర్హాన్ నిజాం షా మొదట్లో ఈ దిక్కులేని సుల్తాను ముందు చేతులు కట్టుకుని నిలబడేవాడని ఫిరిష్తా రాశాడు. తమ తాతలు కొలువు చేసిన వంశం కదా. ఏలే రాజు ఏలని రాజు ముందు నిలబడటమేమిటని కొలువులోవాళ్ళు గొణిగాక ఆ పిలుపులు ఆగిపోయాయి. ఎవరు కూర్చోవాలి, ఎవరు నిలబడాలి అనే తగువు ఇంగ్లండు భోజనాల బల్లలకంటే చాలా ముందు మన దక్కనులో నడిచింది.

అమీర్ బరీద్ గురించి ఇంకో కథ ఉంది. ఉద్గీర్ దగ్గర విడిదిలో కాపలావాళ్ళతో సహా తాగి పడుకుని ఉండగా బిజాపూరు సేనాని అసద్ ఖాన్ మనుషులు అతన్ని మంచంతో సహా ఎత్తుకుపోయారట. దారిలో మెలకువ వచ్చాక గానీ తాను పట్టుబడ్డ సంగతి తెలియలేదు. నికితిన్ చూసిన వెండి పల్లకీల రాజ్యంలోనే ఇది జరిగింది.

మూడో తరం అలీ బరీద్‌ది. 1542లో అధికారానికి వచ్చి, ఆ వంశంలో మొదటిసారి షా అనే బిరుదు పెట్టుకున్నాడు. కోటలో అందరూ మెచ్చే రంగీన్ మహల్‌కి ఇప్పుడున్న రూపం ఆయనదే. గుంబద్ దర్వాజా దాటగానే ఉంటుంది. నల్లరాతిలో ముత్యపు చిప్ప ముక్కలు పొదిగిన తలుపు చట్రాలు, రంగు పెంకులు, చెక్కడపు పని చేసిన కొయ్య స్తంభాలు. వెలుగు పడ్డప్పుడు ఆ ముత్యపు చిప్ప గులాబీగా, ఆకుపచ్చగా మారుతూ కనిపిస్తుంది. అమ్ముడై వచ్చిన మనిషి మనవడు కట్టుకున్న ఇల్లు ఇది! కోట అంతటిలో ఇంత నాజూకైనది ఇంకొకటి లేదు.

ముగ్గురి సమాధులూ ఊరి పడమర ఉన్నాయి. కాసింది చిన్నది. అమీరుది సగంలో ఆగిపోయింది. అలీ బరీద్ మాత్రం బతికుండగానే, 1577లో, తనది పూర్తి చేయించుకున్నాడు. నాలుగు వైపులా పెద్ద కమానులు, ఒక్క తలుపూ లేదు. గాలి అటు నుంచి ఇటు వీస్తుంటుంది. మూడు సమాధులూ వరసగా చూస్తే ఒక ఇంటి ఎదుగుదల తెలుస్తుంది.

అయినా ఒక మాట దాచుకోలేను. బానిస మనవడు షా అయ్యాక రంగీన్ మహల్‌లో బానిసలు లేకుండా పోలేదు. ఎక్కినవాళ్ళు ఎక్కారు, కింద చోటు ఖాళీ కాలేదు. అందుకే కోటలో నాకు రంగీన్ మహల్ కంటే దాని దగ్గరలోని రాచ వంటశాల దగ్గర ఎక్కువసేపు నిలబడాలనిపిస్తుంది. షాహీ మత్‌బఖ్ అంటారు దాన్ని. గైడ్లు వేలెత్తి చూపించి ముందుకు వెళ్ళిపోతారు. పక్కనే రాచ స్నానశాలలో ఇప్పుడు చిన్న మ్యూజియం ఉంది. దగ్గర్లో పదహారు కంబాల మసీదు, 1420ల నాటిది. జనానాకి ఆనుకుని ఉండటంతో దాన్ని జనానా మసీదు అని కూడా అన్నారు. వంట, నీళ్ళు, స్నానం, దీపం, ప్రార్థన. ఒక రాచ కుటుంబం రోజు గడవాలంటే ఎన్ని చేతులు కదలాలో ఆ రెండు వందల గజాల్లో నడిస్తే లెక్కకు వస్తుంది. ఆ చేతుల్లో ఒక్కదాని పేరూ అక్కడ లేదు.

నీళ్ళ సంగతికి వస్తే, ఎర్రరాతి కింద తవ్విన సొరంగాలు బీదర్ ప్రత్యేకత. ఇరాన్ పద్ధతిలో పీఠభూమి నీటిని భూమి లోపలి నుంచే ఊరికి తెచ్చిన కాలువలవి. వాటిని కరేజ్ అంటారు. నౌబాద్ దగ్గర ఉన్న కరేజ్‌లో వరసగా గాలి బావులు కనిపిస్తాయి. కోట కందకాన్నీ కొంతమేర రాతిలో మూడు వరసలుగా తొలిచారు. గీత గీసిన ఇంజనీరు ఇరాన్ నుంచి వచ్చి ఉండొచ్చు, ఉలి పట్టిన చేయి ఈ ఊరిదే.

పిడుగు పడ్డ గుమ్మటం

ఊరికి తూర్పున అష్టూరులో బహమనీ సుల్తానుల సమాధులు వరసగా ఉన్నాయి. అహ్మద్ షా సమాధి లోపలి రంగుల చిత్రణ చూసి తీరాలి. ఆయన్ని ముస్లింలు వలీ అంటారు, లింగాయతులు అల్లమప్రభు అవతారమంటారు. ఏటా ఉర్సుకి గుల్బర్గా వైపు మాడ్యాల నుంచి జంగమయ్య కాలినడకన వస్తాడు, శంఖం ఊదుతాడు. ఉర్సు తేదీని కూడా మన పంచాంగం ప్రకారమే లెక్కిస్తారు.

అదే వరసలో సగం పగిలిన గుమ్మటం ఒకటుంది. లోపలి కట్టడం కోసి చూపించినట్టు కనిపిస్తుంది. అది హుమాయూన్ షాది. 1458 నుంచి 1461 దాకా ఏలాడు, జనం ‘జాలిం’ అన్నారు, అంటే క్రూరుడు. మత్తులో ఉండగా అంతఃపుర పరిచారకులే చంపారనీ, దెబ్బ వేసింది ఒక హబ్షీ పనిమనిషి అనీ చెప్పుకుంటారు. ఆయన క్రూరత్వం కథల్ని శత్రువులు పెంచి రాశారని హారూన్ ఖాన్ షేర్వాణీ వంటి చరిత్రకారులు వాదించారు. ఏది ఎంత నిజమైనా, పంతొమ్మిదో శతాబ్దిలో పిడుగు పడి ఆ ఒక్క గుమ్మటమే చీలింది. దానితో ఊరివాళ్ళకి తీర్పు దొరికింది. చంపిన ఆమె పేరు ఎవరికీ తెలియదు. ఆమె కథ మాత్రం ఆ గుమ్మటాన్ని అంటిపెట్టుకుని అయిదున్నర శతాబ్దాలు బతికింది.

మరాఠీ దేశంలో బీదర్ పాదుషా పేరు వినగానే గుర్తొచ్చేది దామాజీ కథ. మంగళవేఢలో బహమనీ ఉద్యోగి దామాజీ కరువులో రాజు ధాన్యపు కొట్లు తెరిచి జనానికి పంచేశాడు. పాదుషా పట్టి తెమ్మన్నాడు. దామాజీ బీదర్ చేరేలోపే పండరిపురం విఠలుడు మహార్ నౌకరు వేషంలో దర్బారుకి వచ్చి ధాన్యం డబ్బు మొత్తం కట్టేసి రసీదు తీసుకుని వెళ్ళాడు. మనకి భద్రాచలం రామదాసు కథ గుర్తురాకుండా ఉండదు. రామోజీ, లక్ష్మోజీలుగా రామలక్ష్మణులు తానీషా దగ్గరకి వచ్చింది కూడా బంట్ల వేషంలోనే. దేవుడికి రాజు దగ్గరకి వెళ్ళాల్సి వస్తే బంటుగా వెళ్ళాడని జనం రెండు చోట్లా చెప్పుకున్నారు. మహార్‌ని గుడి లోపలికి రానివ్వని కాలంలో, విఠలుణ్ణి మహార్‌గా దర్బారుకి పంపించిన ఊహ చిన్నది కాదు.

హబ్షీ కోట్

ఊరికి అవతల ఒక గుట్ట మీద హబ్షీల సమాధులు ఉన్నాయి. దాన్నే హబ్షీ కోట్ అంటారు. ఇథియోపియా వైపు నుంచి తెచ్చిన మనుషులు, వాళ్ళలో పైకి వచ్చిన ప్రభువులు ఇక్కడ నిద్రపోతున్నారు. వాళ్ళ జాతివాడే మాలిక్ మర్జాన్. 1619లో బీదర్ బిజాపూరు చేతికి వచ్చాక ఏళ్ళ తరబడి ఈ కోటని ఏలాడు. 1657లో ఔరంగజేబు ముట్టడించినప్పుడు ముసలితనంలో కొడుకులతో కలిసి నెల దగ్గరగా నిలబడ్డాడు. ఒక బురుజు దగ్గర దాచిన మందుగుండుకి నిప్పంటుకుని ఒళ్ళు కాలింది. కోట లొంగింది, ఆయన ఆ గాయాలతో చనిపోయాడు. బహమనీల బీదరుకి ఆఖరి కాపలా కాసింది ఒక ఆఫ్రికా మనిషి అన్నది మన పాఠ్యపుస్తకాల్లో రావాల్సిన సంగతి.

పని చేసిన చేతులు ఇంకా కదులుతున్న చోటు బీదర్‌లో ఒకటుంది. చౌబారా దగ్గరి బజారులో బిద్రీ పనివాళ్ళ దుకాణాలు. పదహారు పాళ్ళ జింకులో ఒక పాలు రాగి కలిపి పోత పోస్తారు. దాని మీద ఉలితో గీతలు చెక్కి, సన్నటి వెండి తీగని అందులో కూర్చి కొడతారు. ఆఖరున పాత కోట మట్టిలో నవాసారం కలిపి రుద్దితే లోహం నల్లగా మారిపోతుంది, వెండి మాత్రం తెల్లగా నిలుస్తుంది. వాన, ఎండ తగలని కోట మట్టినే వెతికి తెచ్చుకుంటారు, నాలుక మీద పెట్టుకుని రుచి చూసి మరీ ఎంచుతారు. 2006లో దీనికి జీఐ గుర్తింపు వచ్చింది. 2023లో బీదర్ కళాకారుడు షా రషీద్ అహ్మద్ ఖాద్రీకి పద్మశ్రీ ఇచ్చారు.

ఈ చేతిపని మ్యూజియాల్లో ఎక్కువగా కనిపించేది హుక్కా బుడ్డీల్లో, పాన్‌దాన్లలో, తమ్మపడిగల్లో. అవన్నీ ఒకరు వాడుకుంటే ఇంకొకరు పట్టుకుని నిలబడాల్సిన వస్తువులు. నవాబు తాగిన హుక్కా వెనక బొగ్గులు సర్దిన హుక్కాబర్దారు ఉంటాడు. తమ్మపడిగ మీది వెండి పువ్వుల్ని నవాబు చూశాడో లేదో గానీ, దాన్ని రోజూ తోమిన మనిషి మాత్రం ప్రతి రేకునీ చూసే ఉంటాడు.

అప్పన్న, మాచయ్య, సాహిబ్ చంద్

ఈ జిల్లాలోనే బసవకల్యాణం ఉంది. బీదర్ కోట కంటే దాదాపు రెండున్నర శతాబ్దాల ముందు దొరకీ బంటుకీ మధ్య ఉన్న గీతని చెరపడానికి అక్కడ గట్టిగా ప్రయత్నించారు. పన్నెండో శతాబ్దిలో రాజు బిజ్జలుడి భండారి బసవన్న. ఆయన దగ్గర తాంబూలపు సంచి మోసిన హడపద అప్పన్న, బట్టలు ఉతికిన మడివాళ మాచయ్య, పడవ నడిపిన అంబిగర చౌడయ్య, ఊడ్చే పని చేసిన సత్యక్క ఆయనతో సమానంగా కూర్చుని మాట్లాడారు, వచనాలు రాశారు. అప్పన్న భార్య లింగమ్మ వచనాలూ ఉన్నాయి. తెలుగువాళ్ళకి ఈ మనుషులు కొత్తవాళ్ళు కారు. పాల్కురికి సోమనాథుడు ద్విపదలో రాసిన ‘బసవపురాణం’లో మాచయ్య మనకి ఏనాడో పరిచయం. ఆ పుస్తకాన్నే భీమకవి 1369లో కన్నడంలోకి తీసుకెళ్ళాడు.

ఆ ప్రయత్నానికి కల్యాణం చెల్లించిన ధర పెద్దది. చెప్పులు కుట్టే హరళయ్య కొడుక్కీ, బ్రాహ్మణ మంత్రి మధువరసు కూతురికీ పెళ్ళి చేశారు. బిజ్జలుడు ఆ ఇద్దరు తండ్రులకీ మరణశిక్ష వేశాడు. ఊరు మండింది, బిజ్జలుడు హత్యకు గురయ్యాడు, శరణులు చెల్లాచెదురయ్యారు. గిరీశ్ కర్నాడ్ 1990లో ‘తలెదండ’ నాటకం రాసింది దీని మీదే. డ్రైవరు బ్రాన్సన్ పెళ్ళికి ఆ దొరగారి ఇంట్లో నెలల తరబడి మొహాలు ముడుచుకున్నారు. ఇక్కడ ప్రాణాలు తీశారు. రెండిటినీ ఒకే తక్కెడలో పెట్టకూడదన్నది నా అభిప్రాయం.

ఆ గీత దాటినవాడు బీదర్‌లోనూ ఉన్నాడు. 1699 వైశాఖిన ఆనంద్‌పూర్‌లో గురు గోవింద్ సింగ్ తల ఇవ్వగలవారు ఎవరని అడిగితే లేచిన అయిదుగురిలో ఒకరు బీదర్ మంగలి. సాహిబ్ చంద్‌గా వెళ్ళి భాయీ సాహిబ్ సింగ్ అయ్యాడు. పంజ్ ప్యారేలలో ఆయన స్థానం శాశ్వతం. ఊళ్ళో నానక్ ఝీరా గురుద్వారాకి వెళ్ళినవాళ్ళు ఆ పేరు అడిగితే గౌరవంగా చెబుతారు, లంగరులో అందరితోపాటు నేల మీద కూర్చోబెట్టి అన్నం పెడతారు.

బీదర్ గురించి మనకి మంచి పుస్తకం లేకపోలేదు. నిజాం ప్రభుత్వ పురావస్తుశాఖని నడిపిన గులాం యజ్దానీ 1947లో అచ్చువేసిన పెద్ద గ్రంథంలో ప్రతి కట్టడమూ కొలతలతో ఉంది. 2014లో ప్రపంచ స్మారక నిధి వాళ్ళు ఈ ఊరిని కాపాడుకోవలసిన చోట్ల జాబితాలో పెట్టారు. దక్కను సుల్తానుల కట్టడాలతోపాటు బీదర్ యునెస్కో తాత్కాలిక జాబితాలోనూ ఉంది. కావలసింది ఇంకొకటి. షాహీ మత్‌బఖ్ ముందు, హబ్షీ కోట్ గుట్ట కింద, కరేజ్ గాలి బావి పక్కన అక్కడ ఎవరు ఏం పనిచేశారో చెప్పే పలకలు కావాలి. కన్నడంతోపాటు ఉర్దూలో, తెలుగులో కూడా ఉండాలి. వారాంతాల్లో కోటకి వచ్చే బండ్లు చాలావరకు హైదరాబాదువే కదా.

సీరియళ్ళు తీసే మనవాళ్ళకీ ఒక విన్నపం. అత్తాకోడళ్ళ కోసం సెట్ల మీద మహళ్ళు కడుతున్నారు. హైదరాబాదుకి మూడు గంటల దూరంలో నిజమైన మహలు ఉంది. ముద్ర కాపలాదారు, కోశాధికారి, కొనుక్కొచ్చిన కుర్రవాడు, పేరు తెలియని పరిచారిక ఉన్నారు. వాళ్ళ వైపు నుంచి కథ చెప్పండి. చూడటానికి మేం ఉన్నాం.

చదివినవాళ్ళు ఈ చలికాలంలో బీదర్ వెళ్ళండి. రంగీన్ మహల్ చూశాక వంటశాల చూపించమని గైడుని అడగండి, అష్టూరు నుంచి తిరిగొచ్చేటప్పుడు హబ్షీ కోట్ వైపు తిప్పమని ఆటో అతనికి చెప్పండి. అడిగేవాళ్ళు పెరిగితేనే అక్కడ దారి పడుతుంది, పలక నిలబడుతుంది.